తాళం తీయని మారిస్ స్నానశాల

డాలస్ నుంచి కారులో నాలుగైదు గంటలు వెళ్తే అర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ వస్తుంది. లాంగ్ వీకెండ్ దొరికితే మనవాళ్లు పిల్లాపాపలతో వెళ్లొచ్చే ఊరే. సెంట్రల్ అవెన్యూలో వరుసగా ఎనిమిది పాత స్నానశాలలు, అదే బాత్‌హౌస్ రో. అందరూ ఫోర్డైస్ ముందు ఫొటో దిగుతారు. పక్కనున్న మారిస్ ముందు ఆగేవాళ్లు తక్కువ. 1974లో మూతపడిన భవనం అది.

ఇక్కడి బుగ్గల నీళ్లు దాదాపు 62 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉబుకుతాయి. నాలుగు వేల ఏళ్లకు పైగా కిందట కురిసిన వానే భూమిలోకి ఇంకి, లోపల కాగి, ఇప్పుడు పైకి వస్తోందట! భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరే వేడినీళ్లు చూసినవారికి ఇది మరీ వింతేం కాదు. కాకపోతే ఇక్కడ బుగ్గలకు చాలావరకు మూతలు వేసి, నీటిని పైపుల్లో పంపుతారు. అమెరికా ప్రభుత్వం 1832లోనే ఈ ప్రాంతాన్ని రక్షిత భూమిగా ప్రకటించింది. ఎల్లోస్టోన్ కంటే ఇది 40 ఏళ్లు ముందు. 1921లో నేషనల్ పార్క్ అయింది.

మారిస్ 1912 జనవరి 1న మొదలైంది. మూడంతస్తుల భవనం, రంగుటద్దాలు, వ్యాయామశాల. 1931లో నేలమాళిగలో చికిత్స కొలను కట్టారు. ఈ వరుసలో అలాంటి కొలను ఉన్నది దీనికొక్కదానికే. కీళ్లవాతం, పోలియో, పక్షవాతం ఉన్నవారు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. మూడు వారాల పాటు రోజుకో స్నానం చేయడం అప్పటి పద్ధతి.

వాళ్లకు ఒళ్లు తోమి, వేడి తువ్వాళ్లు చుట్టిన సహాయకుల్లో ఎక్కువమంది నల్లజాతి వాళ్లే. కానీ వర్ణవివక్ష రోజుల్లో తాము పనిచేసే తొట్టెల్లో వాళ్లు స్నానం చేయడానికి వీల్లేదు. వాళ్ల స్నానశాలలు వేరే వీధిలో ఉండేవి. అద్దాల పైకప్పు చూసి మురిసిపోయే మనం ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా రావడం బాగోదు.

కొత్త మందులు వచ్చాక రోగులు తగ్గారు. 1962లో ఫోర్డైస్ మూతపడింది. 1985 నాటికి బక్‌స్టాఫ్ ఒక్కటే మిగిలింది. 1912 నుంచి అది ఆగకుండా నడుస్తోంది. తర్వాత పార్కు సర్వీసు భవనాలను లీజుకివ్వడం మొదలుపెట్టింది. క్వాపా మళ్లీ స్పాగా, హేల్ హోటల్‌గా మారాయి. సుపీరియర్‌లోనైతే ఈ వేడినీటితోనే బీరు కాస్తున్నారు. స్నానశాలలో బీరేమిటని ముక్కు విరిచేవారు ఉండొచ్చు గానీ, తాళం కంటే అదే నయం.

మారిస్‌కే ఆ యోగం పట్టలేదు. లీజుకు తీసుకునేవాళ్లు లోపల బాగుచేయడానికి పెద్ద మొత్తమే పెట్టాలి, అదీ పాత రూపం చెడకుండా. ఆ కొలనును ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. స్పా చేస్తారా, హోటలా, మరొకటా అన్నది పెట్టుబడి పెట్టేవారి మీదే ఆధారపడి ఉంది.

ఈసారి అటు వెళ్తే ఇంటి నుంచి రెండు ఖాళీ క్యాన్లు తీసుకెళ్లండి. ఊళ్లో పబ్లిక్ కుళాయిల దగ్గర బుగ్గ నీళ్లు ఉచితంగా పట్టుకోవచ్చు. వేడి ఎక్కువ, పిల్లల చేతులు జాగ్రత్త.