62 లక్షల ఇంటికి బ్యాంకు కట్టిన వెల

మెసయీద్‌లో శుక్రవారం మధ్యాహ్నం. డ్యూటీ లేని రోజు. క్యాంపు గదిలో మంచం మీద కూర్చున్న మనిషికి వీడియో కాల్‌లో ఊళ్లోని బామ్మర్ది ఒక ఇల్లు తిప్పి చూపిస్తుంటాడు. "ఇది హాలు బావా. ఇది వంటిల్లు. తూర్పు ఫేసింగు, బోరుల నీళ్లున్నయ్. అరవై రెండు లక్షలు చెప్తున్నరు. రేపటికి ఆగదు."

ఈ మనిషి నేను ఊహించినవాడే. లెక్కలు కూడా ఉదాహరణకు వేసినవే. కానీ ఇలాంటి కాల్ రాని గది ఖతర్‌లోని తెలుగు క్యాంపుల్లో ఉండదని నమ్ముతాను. ఆ 62 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి, బ్యాంకు ఆ అంకెను ఎందుకు ఒప్పుకోదు, ఆ తేడా ఎవరి జేబులోంచి పోతుంది అన్నది బయానా ఇచ్చేలోపు తెలియాలి. ఇచ్చాక తెలిస్తే ఖరీదు ఎక్కువ.

ముందు, ఇల్లు అక్కడే ఎందుకు కొనడు అన్న ప్రశ్న. మెసయీద్ దోహాకు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది. పాత పేరు ఉమ్ సయీద్. 1949లో చమురు ఎగుమతి రేవుగా మొదలై, తర్వాత ఎరువులు, ఉక్కు, పెట్రోకెమికల్స్, అల్యూమినియం కర్మాగారాల పట్నమైంది. ఇక్కడ పనివాడి నివాసం సాధారణంగా కంపెనీ ఇచ్చినదే. విదేశీయుల ఆస్తి హక్కులపై ఖతర్ 2018లో 16వ నంబరు చట్టం తెచ్చింది. 2020లో 9 ప్రాంతాల్లో పూర్తి యాజమాన్యానికి, మరో 16 ప్రాంతాల్లో 99 ఏళ్ల అనుభవ హక్కుకు అనుమతించింది. ఆ పాతిక పేర్లలో మెసయీద్ లేదు. ఆ ప్రాంతాల్లో కొని నివాస అనుమతి పొందాలంటే ఆస్తి విలువ కనీసం 7,30,000 రియాళ్లు ఉండాలి. రియాల్‌కు 23 రూపాయలు అనుకుంటే దాదాపు 1.68 కోట్లు. ఇదే దేశంలో 2021 మార్చి నుంచి అమలవుతున్న కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ వసతి, తిండి పెట్టకపోతే 500, 300 కలుపుతారు. అందుకే చాలామందికి ఇల్లంటే ఊళ్లో ఇల్లే.

మన ఉదాహరణలోని ఇల్లు ఒక జిల్లా కేంద్రం అంచు కాలనీలో ఉంది. 150 గజాల స్థలం, 1,200 చదరపు అడుగుల శ్లాబు ఇల్లు. మన మనిషి ఫోర్‌మన్, నెలకు 3,000 రియాళ్లు మిగులుస్తాడు. ధరలో 80 శాతం బ్యాంకు ఇస్తుందని ఎవరో చెప్పారు. 62 లక్షల్లో 20 శాతం అంటే 12.4 లక్షలు చేతిలో ఉండాలి. సుమారు 53,900 రియాళ్లు. ఏడాదిన్నర ఓర్చుకుంటే చాలు అనుకున్నాడు.

ఇప్పుడు బ్యాంకు పంపిన వాల్యుయర్ ఇల్లు చూడటానికి వస్తాడు. సాధారణంగా సివిల్ ఇంజినీరు. టేపుతో కొలుస్తాడు, హద్దులను దస్తావేజుతో సరిచూస్తాడు, ఫొటోలు తీస్తాడు. ఇంటి విషయంలో అతను స్థలాన్నీ కట్టడాన్నీ విడదీసి లెక్కిస్తాడు. మనవాళ్లకు తెలియాల్సిన అసలు సంగతి ఈ విడదీయడంలోనే ఉంది, ఎందుకంటే నేల ధర ఏటా పెరగవచ్చు, గోడ మాత్రం ఏటా అరుగుతుంది.

స్థలం సంగతి: చుట్టుపక్కల గజం 25,000కు నడుస్తోందని తేలింది. 150 గజాలకు 37.5 లక్షలు. కట్టడం సంగతి: ఇలాంటి ఇల్లు ఈరోజు కొత్తగా కడితే అడుగుకు 1,800 అనుకుందాం. 1,200 అడుగులకు 21.6 లక్షలు. కానీ ఇది కొత్త ఇల్లు కాదు. శ్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు లెక్కగట్టి, చివరికి మిగిలే పాత ఇనుము, కలపల విలువ 10 శాతం పక్కన పెట్టి, మిగతా 90 శాతాన్ని ఏళ్ల మీద సమానంగా తరగదీయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇంటికి 20 ఏళ్లయితే తరుగు 30 శాతం, అంటే 6.48 లక్షలు. మిగిలింది 15.12 లక్షలు. స్థలం కలిపితే 52.62 లక్షలు.

అమ్మేవాడు మాత్రం ఇంటికి పదేళ్లే అన్నాడు. పదేళ్లయితే తరుగు 15 శాతమే, 3.24 లక్షలు. ఆ ఒక్క మాట విలువ మరో 3.24 లక్షలన్నమాట. వయసు గోడల రంగును బట్టి తెలియదు. మంజూరైన ప్లాను, మొదటి ఇంటిపన్ను రసీదు, కరెంటు కనెక్షన్ ఇచ్చిన తేదీ చెబుతాయి. మెసయీద్‌లో ఉన్నవాడు ఫోన్‌లో చూడగలిగింది రంగు మాత్రమే.

బ్యాంకు అప్పును దేని మీద లెక్కిస్తుంది? ఒప్పంద ధర, వాల్యుయర్ కట్టిన విలువ, ఈ రెండిట్లో తక్కువదాని మీద. రిజర్వు బ్యాంకు 2015లో సవరించిన హద్దుల ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్యైతే 80 శాతం దాకా, 75 దాటితే 75 శాతం దాకా ఇవ్వవచ్చు. అవి గరిష్ఠ హద్దులే, బ్యాంకు అంత ఇచ్చి తీరాలని కాదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను చిన్న ఇళ్లకు తప్ప ఆస్తి విలువలో కలపకూడదు.

52.62లో 80 శాతం 42.10 లక్షలు. 62లోంచి అది తీసేస్తే 19.90 లక్షలు సొంతంగా పెట్టాలి. పైన రిజిస్ట్రేషన్. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. 62 లక్షలకు 4.65 లక్షలు. చేతిలో ఉండాల్సింది 24.55 లక్షలు, దాదాపు 1,06,740 రియాళ్లు. నెలకు 3,000 చొప్పున ముప్పై ఆరు నెలలు. ఏడాదిన్నర అనుకున్నది మూడేళ్లయింది. ఎండాకాలం ఎండలో ప్లాంటులో పనిచేసే మనిషికి మరో ఏడాదిన్నర అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

వాల్యుయర్ నివేదికలో ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. న్యాయమైన విలువ పక్కనే, హడావుడిగా అమ్మితే వచ్చే విలువ కూడా రాస్తారు. దాన్ని న్యాయమైన విలువలో 80 శాతంగా వేయడం తరచూ కనిపించేదే. మన ఇంటికి అది 42.10 లక్షలు, సరిగ్గా బ్యాంకు ఇచ్చే అప్పంత. కిస్తీలు ఆగిపోతే ఇల్లు వేలం వేసి అసలు రాబట్టుకోగలమా అన్నదే బ్యాంకు ప్రశ్న. "బ్యాంకే లోనిచ్చిందంటే ఇల్లు మంచిదే" అని ధైర్యం చెప్పుకోవడం అందుకే పొరపాటు. బ్యాంకు తన 42 లక్షలకు భద్రత చూసుకుంది. పైన మీరు పెట్టే 20 లక్షలకు కాపలా ఎవరూ లేరు. వాల్యుయేషన్ రుసుము కట్టేది మీరే కాబట్టి నివేదిక కాపీ అడగండి. ఇవ్వకపోతే, దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు దగ్గర నమోదైన వాల్యుయర్‌ను కొన్ని వేలిచ్చి సొంతంగా పెట్టుకోండి. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలతో ఈ నమోదు మొదలైంది.

ఇక మనల్ని బాగా తికమక పెట్టే మాట ఒకటుంది: 'మార్కెట్ విలువ'. తెలుగునాట సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈ మాటకు అర్థం మార్కెట్లో నడిచే ధర కాదు, ప్రభుత్వం పన్ను కోసం నిర్ణయించిన కనీస విలువ. నడిచే ధరను జనం 'బయటి రేటు' అంటారు. మాట ఒకచోట, అర్థం ఇంకోచోట. తెలంగాణలో ప్రభుత్వ విలువలు 2013 తర్వాత 2021 జులై దాకా కదలలేదు, మళ్లీ 2022 ఫిబ్రవరిలో పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న సవరించారు. ఎనిమిదేళ్లు నిలిచిపోయిన అంకె బయటి రేటుకు ఎంత దూరమవుతుందో ఊహించండి.

మన ఇంటికి సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో 30 లక్షలు ఉందనుకుందాం. అప్పుడే ఆ ప్రతిపాదన వస్తుంది: "ముప్పైకి రాయించుకుందాం, మిగతాది చేతికివ్వండి." స్టాంపు ఖర్చులో 2.4 లక్షలు మిగులుతాయి, నిజమే. కానీ ఒప్పందం 30 లక్షలైతే బ్యాంకు 90 శాతం ఇచ్చినా 27 లక్షలే వస్తుంది. 15 లక్షల అప్పు పోగొట్టుకుని 2.4 లక్షలు మిగుల్చుకోవడం అవుతుంది. పైగా రేపు అమ్మేటప్పుడు కాగితం మీద కొన్న ధర 30 లక్షలే కాబట్టి, చేతికిచ్చిన 32 లక్షలు కూడా లాభంగా పన్నుకు వస్తాయి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ప్రవాస భారతీయుడు బ్యాంకు మార్గంలో తప్ప చెల్లించకూడదని విదేశీ మారక నిబంధనలు చెబుతున్నాయి. గల్ఫ్ నుంచి బ్యాంకు గుండా పంపిన ప్రతి రూపాయీ తెల్ల డబ్బు. దాన్ని మన చేతులతో నల్లగా మార్చడం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఈ అలవాటు వల్ల ఇంకో నష్టం ఉంది. వాల్యుయర్ పోల్చి చూడాలంటే అదే కాలనీలో ఈమధ్య అమ్ముడైన మూడు నాలుగు ఇళ్ల నిజమైన ధరలు కావాలి. దస్తావేజుల్లో తక్కువ రాయించుకుంటూ పోతే నిజమైన ధర ఎక్కడా నమోదు కాదు. అతను చివరికి బ్రోకర్లనే అడగాలి. "పక్క ప్లాటు గజం నలభైకి పోయింది" అని బామ్మర్దికి చెప్పిందీ ఆ బ్రోకర్లే. అంకె ఒకే నోటి నుంచి రెండు దారుల్లో మన దగ్గరికి వస్తే అది సాక్ష్యం కాదు. ఖతర్‌లో న్యాయశాఖ వారం వారం ఆస్తి అమ్మకాల వివరాలు ప్రకటిస్తుంది. అక్కడ కొనేవాడికి కనీసం ఒక తూనికరాయి దొరుకుతుంది.

పోల్చేటప్పుడు రోడ్డు వెడల్పు, మూల స్థలం, వీధిపోటు లెక్కలోకి వస్తాయి. వాస్తును వాల్యుయర్ నమ్మనక్కర్లేదు. కొనేవాళ్లు నమ్ముతారు కాబట్టి దక్షిణం ఫేసింగ్ ధర తగ్గితే అతనూ తగ్గించి రాయాల్సిందే. ప్లానులో లేని పై అంతస్తుకు మాత్రం బ్యాంకు విలువ కట్టకపోవచ్చు, అమ్మేవాడు ఎంత చెప్పినా.

అద్దె వైపు నుంచి చూసే లెక్క ఒకటుంది, ఇది అందరికంటే నిక్కచ్చిగా మాట్లాడుతుంది. ఈ ఇంటికి నెలకు 14,000 అద్దె వస్తుందనుకోండి. ఏడాదికి 1.68 లక్షలు. ఇంటిపన్ను, మరమ్మతులకు 15 శాతం తీస్తే 1.43 లక్షలు. 3 శాతం రాబడి చాలు అనుకునేవాడికి ఈ ఇల్లు దాదాపు 47.6 లక్షలు చేస్తుంది. 62 పెట్టి కొంటే వచ్చేది 2.3 శాతం. అటుపక్క 42.10 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల కిస్తీ నెలకు సుమారు 36,500 రూపాయలు, అంటే 1,590 రియాళ్లు. మిగిలే 3,000లో సగానికి పైగా పోతుంది. తల్లిదండ్రులను పెట్టుకోవడానికి కొనే ఇల్లయితే ఈ లెక్కను పక్కన పెట్టవచ్చు. అద్దెకిచ్చి కిస్తీ కట్టేద్దాం అనుకుంటే మాత్రం పెట్టకూడదు.

సెలవుపై వెళ్లినప్పుడు ఇంటికి బదులు గుంటల లెక్కన అమ్మే 'ఫాం ప్లాట్లు' చూపిస్తారు. గుంట అంటే 121 గజాలు, 40 గుంటలు ఎకరం. ప్రవాస భారతీయులు సాగుభూమి, తోటలు, ఫాంహౌస్ కొనుక్కోవడానికి మామూలు అనుమతి లేదు. బ్రోషర్‌లో గజం ఎంతని వేసినా, గృహరుణం ఇచ్చే బ్యాంకు దృష్టిలో అది ఇంటిస్థలం కాదు.

ఇప్పుడు మన ఫోర్‌మన్ అదే ఇంటిని 54 లక్షలకు బేరమాడాడనుకోండి. అప్పు 42.10 మారదు. సొంతంగా 11.90, రిజిస్ట్రేషన్ 4.05, మొత్తం 15.95 లక్షలు, 69,350 రియాళ్లు. సుమారు ఇరవై మూడు నెలలు. కాగితం మీద తగ్గింది ఎనిమిది లక్షలు, మెసయీద్‌లో తగ్గింది ఏడాదికి పైగా.

వచ్చే శుక్రవారం బామ్మర్ది మళ్లీ కాల్ చేస్తాడు. ఈసారి హాలు చూపించమని అడగక్కర్లేదు. "కరెంటు మీటరు ఏ సంవత్సరం పెట్టిండ్రో, మొదటి ఇంటిపన్ను రసీదు ఏ ఏడుదో కనుక్కో. ప్లాను కాగితం ఫొటో పంపు. ఆ తర్వాత ధర మాట్లాడుదాం."