సిగ్నల్ లేని కొండదారిలో మన గొంతు: జీపులో హామ్ రేడియో మొదలుపెట్టడం ఎలా?

మూడేళ్ళ కిందట, అక్టోబర్ నెలలో ఒక శనివారం. ఫీనిక్స్‌కి ఉత్తరాన బ్రాడ్‌షా కొండల్లో క్రౌన్ కింగ్ అనే చిన్న ఊరుంది. నాలుగు తెలుగు కుటుంబాలం నాలుగు బండ్లలో అక్కడికి బయల్దేరాం. పులిహోర, దద్ధ్యోజనం, పిల్లల బ్యాగులు అన్నీ ముందు బండిలో సర్దేశాం. మా జీపు అందరికంటే వెనక.

మట్టిరోడ్డు కదా, ముందు బండి దుమ్ము మన అద్దం మీద పడకుండా ఎడం పాటిస్తాం. ఆ ఎడమే కొంప ముంచింది. ఒక మలుపులో రాయి కోసుకుని మా టైరు పక్కన నిలువునా చీరింది. స్పేర్ టైరు ఉంది కానీ జాకీ మెత్తటి మట్టిలో దిగబడిపోతోంది. ఫోన్ చూస్తే సిగ్నల్ సున్నా. ముందున్న వాళ్ళకి మేం ఆగిపోయామన్న సంగతే తెలీదు. ఈలోగా మా చిన్నాడికి దుమ్ముకి దగ్గు మొదలైంది. వాడికి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ ఎక్కడుంది? ముందు బండిలో వెళ్ళిపోయిన బ్యాగులో!

నేను పదహారేళ్ళుగా నర్సుని. వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, అద్దాలు మూసి, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలమని చెబుతూ గంటా నలభై నిమిషాలు గడిపాను. మిగతావాళ్ళు ఊరు చేరాక లెక్క చూసుకుని వెనక్కొచ్చారు. వాడు బాగానే ఉన్నాడు. కానీ ఆ గంటా నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

అసలు సిగ్గుచేటు ఏంటంటే, మా సీటు వెనక పెట్టెలో ఒక చేతి రేడియో ఉంది. మావారు అంతకుముందే ముచ్చటపడి కొన్నది. చార్జింగ్ లేదు. ఉన్నా, ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరిని పిలవాలో మా ఇద్దరికీ తెలీదు. లైసెన్స్ అసలే లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి, వంటింట్లో గిన్నెలు కడుగుతూ అనుకున్నాను, ఈ పని ఆయన మీద వదిలేస్తే కాదు, నేనే నేర్చుకుంటానని.

మన గ్రూపులో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు జీపులూ, ఫోర్ బై ఫోర్ బండ్లూ ఉన్నాయి. వాళ్ళ కోసం నేను నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు, మీకు హామ్ రేడియోనే కావాలా?

అమెరికాలో బండి నుంచి బండికి మాట్లాడుకోవడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. మొదటిది పిల్లలు ఆడుకునే వాకీటాకీలు. వాటిని ఎఫ్.ఆర్.ఎస్. అంటారు. లైసెన్స్ అక్కర్లేదు, శక్తి తక్కువ, కొండ అడ్డమొస్తే అంతే సంగతులు. రెండోది సీబీ, 40 చానళ్ళు, దీనికీ లైసెన్స్ అక్కర్లేదు. లారీ డ్రైవర్లు వాడేది ఇదే. గరగర ఎక్కువ.

మూడోది జీ.ఎం.ఆర్.ఎస్. దీనికి పరీక్ష లేదు. 35 డాలర్లు కడితే పదేళ్ళ లైసెన్స్ వస్తుంది. 18 ఏళ్ళు నిండినవాళ్ళు ఒక్కరు తీసుకుంటే ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. ఇంటిల్లిపాదీ అంటే మాటవరసకి కాదండీ. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్నులు, బాబాయిలు, చివరికి అత్తగారి వైపు వాళ్ళు కూడా ఆ నిబంధనలో ఉన్నారు. మన ఉమ్మడి కుటుంబాలని చూసి రాశారేమో అనిపించింది నాకు. రెండు మూడు బండ్లు కలిసి వెళ్ళడమే మీ పని అయితే ఇది చాలు.

నాలుగోది హామ్. దీనికి పరీక్ష ఉంది. కానీ కొండల మీద హామ్ క్లబ్బులు పెట్టిన రిపీటర్లు వాడుకోవచ్చు. రిపీటర్ అంటే మన బలహీనమైన గొంతుని ఎత్తైన చోట అందుకుని, మళ్ళీ గట్టిగా ప్రసారం చేసే యంత్రం. బండి నుంచి బండికి నేరుగా అయితే కొండల్లో రెండు మూడు మైళ్ళు దాటడం కష్టం. అదే శిఖరం మీది రిపీటర్ అందితే పదుల మైళ్ళ దూరంలో ఉన్న నగరానికి వినిపిస్తాం. నాకు కావలసింది అదే.

కొత్త ఫోన్లలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం ఉందిగా అంటారేమో. ఉంది, మంచిదే, వాడండి. కానీ "నా టైరు పోయింది, ఆగండి" అని ముందు బండికి ఆ క్షణంలో చెప్పడానికి అది పనికిరాదు.

పరీక్ష అంటే భయపడకండి

మొదటి మెట్టు పేరు టెక్నీషియన్ లైసెన్స్. 35 ప్రశ్నలు, 26 సరైనవి అయితే పాస్. అన్నీ బిట్లే. నాలుగు వందలకు పైగా ఉన్న ప్రశ్నల బ్యాంకు మొత్తం జవాబులతో సహా ముందే బయట పెట్టేస్తారు. మన ఎంసెట్ రోజుల ముందు ఇదెంత! మోర్స్ కోడ్ నేర్చుకోవాలేమో అని నేనూ అనుకున్నాను. 2007 నుంచి అమెరికాలో ఏ మెట్టుకీ అది అక్కర్లేదు.

మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న: సిటిజన్ అయి ఉండాలా? అక్కర్లేదు. హెచ్4 మీద ఉన్నవాళ్ళు కూడా రాయవచ్చు. వయసు పరిమితి కూడా లేదు, పదేళ్ళ పిల్లలూ పాసవుతున్నారు.

చేయాల్సిన పనులు ఇవీ. మొదట ఎఫ్.సి.సి. సైట్‌లో ఉచితంగా ఎఫ్.ఆర్.ఎన్. అనే నంబరు తీసుకోవాలి. తర్వాత హామ్‌స్టడీ లాంటి ఉచిత సైట్‌లో రోజూ అరగంట ప్రశ్నలు చేయాలి. నేను నైట్ డ్యూటీ విరామాల్లో ఐదు వారాలు చదివాను. పరీక్ష వాలంటీర్లు పెడతారు, లైబ్రరీల్లోనూ ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనూ రాయవచ్చు. కొందరు ఫీజు తీసుకోరు, కొందరు 15 డాలర్ల దాకా తీసుకుంటారు. పాసయ్యాక ఎఫ్.సి.సి.కి 35 డాలర్లు. లైసెన్స్ పదేళ్ళు. కాల్ సైన్ వాళ్ళ జాబితాలో కనబడిన నిమిషం నుంచి మాట్లాడవచ్చు.

బండిలో బిగించేటప్పుడు

చేతి రేడియో 5 వాట్లు. కారు లోపల కూర్చుని మాట్లాడితే చుట్టూ ఉన్న ఇనుము సగం సిగ్నల్‌ని మింగేస్తుంది. అందుకే బండికి వేరే మొబైల్ రేడియో, బయట యాంటెన్నా. మొబైల్ రేడియోలు సాధారణంగా 50 వాట్లు. డబ్బులు ముందు యాంటెన్నా మీద పెట్టండి, రేడియో మీద కాదు. అయిదు వాట్ల రేడియోకి మంచి యాంటెన్నా పెడితే, చెడ్డ యాంటెన్నాతో ఉన్న 50 వాట్ల కంటే ఎక్కువ సుఖం.

ఇక్కడే మేం ఒక తప్పు చేశాం. అయస్కాంతంతో పైకప్పుకి అతుక్కునే యాంటెన్నా కొన్నాం. ఇంటికి తెచ్చి పెడితే జారిపోయింది! మా రాంగ్లర్ గట్టి టాప్ ఫైబర్. పోనీ బానెట్ మీద పెడదామంటే 2018 తర్వాత వచ్చిన మోడల్‌లో అదీ, తలుపులూ అల్యూమినియం. అయస్కాంతం ఎక్కడ అంటుకుంటుంది? కాబట్టి కొనేముందు ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం ఒకటి తీసుకెళ్ళి బండంతా ఆనించి చూడండి. చివరికి బానెట్ కీలు దగ్గర బోల్టులతో బిగించే పట్టీ కొన్నాం. సాధారణ యాంటెన్నాకి కింద విశాలమైన లోహం కావాలి. అది లేని బండికి హాఫ్ వేవ్ రకం తీసుకుంటే పని జరుగుతుంది.

కరెంటు సంగతి. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించకండి. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు తప్పనిసరి. రాళ్ళ దారిలో వైరు ఒరుసుకుని తొడుగు చిరిగితే ఫ్యూజే మన బండిని మంటల నుంచి కాపాడేది. బిగించాక ఎస్.డబ్ల్యూ.ఆర్. మీటరుతో చూడండి, 1.5 లోపుంటే చాలా బాగు, 2 దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టు. మాట్లాడేటప్పుడు పిల్లలు యాంటెన్నా ముట్టుకోకుండా చూడాలి.

బయల్దేరే ముందురోజు రిపీటర్‌బుక్‌లో ఆ దారిలో పనిచేసే రిపీటర్లు వెతికి, వాటి ఆఫ్‌సెట్, టోన్ రేడియోలో ఎక్కించాలి. టోన్ తప్పితే మన మాట వెళ్ళదు. మా వైపు మౌంట్ ఆర్డ్ శిఖరం మీది రిపీటర్ నాకు పెద్ద దిక్కు. నేరుగా పిలవడానికి అందరూ వినే ఫ్రీక్వెన్సీ 146.520. దీన్ని కాయితం మీద రాసి డాష్‌బోర్డుకి అంటించండి.

మాట్లాడే మర్యాద

ప్రతి 10 నిమిషాలకూ, మాటలు ముగించేటప్పుడూ కాల్ సైన్ చెప్పాలి. తెలుగులో హాయిగా మాట్లాడుకోవచ్చు, కాల్ సైన్ మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలి. మా అమ్మ తన జీవితంలో మా నాన్న పేరెత్తి పిలవలేదు. నేను మావారిని ఇప్పుడు అంకెలతో సహా కాల్ సైన్ పెట్టి పిలుస్తున్నాను. అవును, తర్వాత ఆయన కూడా రాసి పాసయ్యారు.

వ్యాపారం మాట్లాడకూడదు. పచ్చళ్ళ ఆర్డర్లు, చీరల అమ్మకాలు వాట్సాప్‌లోనే ఉంచండి. పాటలు వేయకూడదు. ప్రతి మాటా అందరికీ వినబడుతుంది, కాబట్టి ఆడపడుచు ముచ్చట్లు వద్దు. లైసెన్స్ లేని పిల్లలు మనం పక్కనుండగా మన రేడియోలో మాట్లాడవచ్చు.

నర్సులకి ఇది చాలా తేలిక. డాక్టరు చెప్పిన మోతాదుని మళ్ళీ చదివి వినిపిస్తామే, రేడియోలోనూ అంతే. విన్నది తిరిగి చెప్పడం, చిన్న వాక్యాలు, ముందు ముఖ్యమైనది.

ఆ రోజు పనికొచ్చింది

పోయిన మార్చిలో అలాంటిదే ఒక దారిలో బగ్గీ తిరగబడి ఉంది. పెద్దాయన, ఆయన భార్య. ఆవిడ కాలు తొడ దగ్గర విరిగినట్టుంది, ఒళ్ళు చల్లబడుతోంది. ఫోన్లు పనిచేయలేదు. మావారు దుప్పట్లు కప్పుతుంటే నేను రేడియో తీశాను. మొదటి రిపీటర్ అందలేదు. రెండోదానిలో "అత్యవసరం, ఎవరైనా ఉన్నారా" అన్నాను. రెండు క్షణాల నిశ్శబ్దం తర్వాత, నగరంలో ఇంట్లో కూర్చున్న ఒక పెద్దాయన గొంతు పలికింది. అక్షాంశం, రేఖాంశం అంకెలు చెప్పాను, ఆయన తిరిగి చదివారు. వయసు, గాయం, నాడి చెప్పాను. ఆయన 911కి ఫోన్ చేసి, వాళ్ళ ప్రశ్నలు నాకూ, నా జవాబులు వాళ్ళకీ అందించారు. యాభై నిమిషాల్లో సాయం వచ్చింది. ఆయన ముఖం నేను ఇప్పటికీ చూడలేదు.

హామ్ ప్రపంచంలో ఏ వయసు స్త్రీనైనా వై.ఎల్., అంటే యంగ్ లేడీ అంటారు. మనకు దగ్గరి ఉదాహరణ భారతీ ప్రసాద్ గారు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ హామ్ రేడియో సంస్థ తరఫున ఆవిడ బృందంతో 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్ళారు. దూరదేశాల హామ్‌లతో మాట్లాడే సరదా యాత్ర అది. 26వ తేదీన సునామీ వచ్చింది. మిగతా సంబంధాలు తెగిపోతే, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆవిడ రేడియో మీదే బయటి ప్రపంచానికి కబుర్లు వెళ్ళాయి. ఎంతోమంది తమవాళ్ళు బతికే ఉన్నారని అలా తెలుసుకున్నారు.

ఒక జాగ్రత్త: ఊరికి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో రేడియో పెట్టుకెళ్ళకండి. ఇండియాలో వాడాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి వేరే కావాలి.

మొదలుపెట్టాలనుకుంటే ఈ వారం ఒక్క పని చేయండి, ఎఫ్.ఆర్.ఎన్. నంబరు తీసుకోండి. పది నిమిషాల పని. వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రాలు నలుగురం కలిసి ఫోన్‌లో ప్రశ్నలు చేద్దాం. పాసయ్యాక వెంటనే ఖరీదైన రేడియో కొనకుండా ముందు వారం వారం స్థానిక క్లబ్బు వాళ్ళ పలకరింపుల కార్యక్రమంలో చేరి మాట్లాడటం అలవాటు చేసుకోండి. అవసరం వచ్చిన రోజున మొదటిసారి మైకు పట్టుకుంటే నోరు పెగలదు.

అన్నట్టు, మా చిన్నాడు ఇప్పుడు పరీక్షకి చదువుతున్నాడు. ఇన్‌హేలర్ మాత్రం ఒకటి వాడి జేబులో, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో ఉంటోంది. రేడియో ఉంది కదా అని ఆ జాగ్రత్త మానలేదు, మీరూ మానకండి.