బెదరు కుక్కకు తగిన యిల్లు

కాపుటింట ఎద్దులకు కొట్టము, దూడలకు గాటిపట్టు ఉన్నట్లే కుక్కకు వాకిలి యుండుట మన పల్లెలలో తరతరముల వాడుక. తీరపు జిల్లాలలో జోనంగియు, కర్నూలు జిల్లాలో పందికోన కుక్కయు మన నేలపై పుట్టి పేరు తెచ్చుకొన్నవే. అయినను ఇటీవల మన వాకిండ్లకు మఱియొక తెగ కుక్కలు వచ్చి చేరుచున్నవి. పట్టణములలో ముచ్చటపడి కొన్న పెద్దజాతి పిల్లలు ఎదిగి, తిండికి ఖర్చు హెచ్చి, అద్దె యిండ్లలో ఇముడకపోగా, వానిని బండ్లలో తెచ్చి ఊరి పొలిమేరలలో వదలి పోవువారు కలరు. ఆకలిదప్పులపాలగునట్లు జంతువును తగిన కారణము లేక విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను క్రింద నేరము. కాని నేరము చేసినవాడు పోవును, కుక్క మిగులును. అట్టి కుక్కకు, అందునను పెద్దదియు బెదరుగొడ్డును అయిన కుక్కకు, ఇల్లు కుదుర్చుట యెట్లో సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

చిన్న కుక్క బెదరినచో చూచువారికి జాలి కలుగును. పెద్ద కుక్క బెదరినచో చూచువారే బెదరుదురు. ఇక దానిని కోరి వచ్చువారిలో పెక్కుమంది దాని యొడ్డుపొడుగులు చూచి కావలికి కావలెనని వచ్చువారు. దేహమెంత పెద్దదో గుండె యంత గట్టిదని వారి లెక్క. ఈ లెక్క నిలువదు. భయపడు కుక్క దొంగను చూచి పాఱిపోవచ్చును. పాఱిపోవ త్రోవ లేనిచోట ఇంటికి వచ్చిన చుట్టమునే కఱవవచ్చును. కావున ఇట్టి కుక్కను కావలికై ఇచ్చుట తీసికొన్నవారికిని, కుక్కకును కీడే.

పిఱికితనము కుక్క చేసిన నేరము కాదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమున, సుమారు 3వ వారము మొదలు 12వ వారము వఱకు గల కాలమే కుక్కపిల్ల మనుష్యులకు అలవాటుపడుటకు ముఖ్యమైన అదునని వివరించిరి. ఆ దినములు బోనులోనో, చీకటి గదిలోనో గడచినచో ఆ లోటు పిమ్మట పూడ్చుట కష్టము. దీనికి దెబ్బలు తోడైనచో భయము వేళ్లూనును. ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున, ఏ తప్పును చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, తల్లి సరమ ఆ రాజు ముందు నిలిచి న్యాయమడిగిన కథ మనమెఱుగుదుము. పొలిమేరలో వదలబడిన కుక్క పక్షమున అడుగుటకు సరమ రాదు, మనమే అడుగవలెను.

గత సంవత్సరము మా పర్యటనలో ఒక గ్రామ సంఘపు ఎరువుల గిడ్డంగి యొద్ద ఇట్టి కుక్క నొకదానిని చూచితిమి. రాజపాళయపు పోలికగల తెల్లని మగకుక్క. బస్తా దింపిన చప్పుడునకే బండి క్రింద దూఱి వణకుచుండెను. మొదట ఒక మామిడితోట యజమాని దానిని కావలికని కొనిపోయి పంపుసెట్టుకడ గొలుసుతో కట్టెను. అది నాలుగు దినములు తిండి సరిగా ముట్టలేదు, ఒక్కమాఱైనను మొఱుగలేదు. అయిదవ దినమున ఆయన "పనికిమాలిన కుక్క" యని తిరిగి తెచ్చి వదలెను.

పిమ్మట వచ్చినవారితో సంఘపు గుమాస్తా ఉన్నదున్నట్లు చెప్పెను: "ఇది కాపలా కాయదు. చేయి యెత్తినచో అక్కడనే మూత్రము విడుచును. నెలల తరబడి దగ్గఱకు రాకపోవచ్చును." విన్నవారిలో ఇద్దరు వెళ్లిపోయిరి. మూడవసారి వచ్చినవారు వృద్ధ దంపతులు. వారి పాకలో రెండు గేదెలును, నెమ్మదియైన ముసలి ఆడకుక్కయు గలవు. "కాపలాకు మా ముసలిది చాలును నాయనా. దీనికి కావలసినది నీడ కదా" అని ఆ యమ్మ కొనిపోయెను. ముసలి కుక్క గిన్నె యొద్దకు పోవుట చూచి ఇదియు పోయెను. అది ఆమె చేయి నాకుట చూచి, మూడవ నెలలో ఇదియు దగ్గఱకు వచ్చెను. ఇప్పటికిని కొత్తవారు వచ్చినచో గేదెల వెనుకకు చేరును. కాని ఆ యింట దానిని ఎవ్వరును పనికిమాలినదనరు.

కావున ఇచ్చువారు మొట్టమొదట చేయవలసినది కుక్క గుణము దాచక చెప్పుట. తప్పు దాచి అమ్మిన యెద్దు మఱుసటి సంతకు తిరిగి వచ్చును గదా! ఇల్లు ఎంచునపుడు సందడి తక్కువగా నుండుట, పసిపిల్లలు లేకుండుట, పగలెవరైన ఇంట నుండుట, దూకరాని ప్రహరియో కంచెయో యుండుట చూడవలెను. నెమ్మదియైన మఱియొక కుక్క యున్నచో మఱింత మేలు. మొదట 15 దినములు గడువుగా నిచ్చి, కుదరనిచో తిరిగి తెచ్చి యిచ్చునట్లు మాట తీసికొనవలెను.

సంతలో కొన్న యెద్దు మెడపై తెచ్చిన దినముననే కాడి మోపువాడు రైతు కాడు. నాటిన నారు మూన తిరుగువఱకు ఓపిక పట్టుటయు మనకు క్రొత్త గాదు. కుక్కకును అంతే. మూడు ప్రక్కల మూసిన మూలలో గోనె పఱచి, నీరుంచి, దినదినము ఒకే వేళకు ఒక్కరే తిండి పెట్టవలెను. కన్నులలోనికి చూడక, ప్రక్కకు తిరిగి కూర్చుండవలెను. తలపై చేయి వేయరాదు. అది తానై వచ్చినపుడు గడ్డము క్రింద తాకవలెను. బెదరు తగ్గుటకు 3 దినములు, ఇంటి పద్ధతి తెలియుటకు 3 వారములు, ఇల్లు తనదనుకొనుటకు 3 నెలలు అని అనుభవజ్ఞుల ఉజ్జాయింపు. బెదరు కుక్కకు అంతకంటె హెచ్చు పట్టవచ్చును. తోక ముడుచుట, ఊరక పెదవులు నాకుట, నిద్ర రాకయే ఆవులించుట భయపు గుఱుతులు. గుఱ్ఱుమనుట కుక్క యిచ్చు నోటీసు. కొట్టి దానిని మాన్పించినచో నోటీసు లేకయే కఱచును.

బెదరు కుక్క మెడపట్టీనుండి తల తప్పించుకొని పాఱును గనుక ఛాతీకి కూడ పట్టీ కట్టవలెను. దీపావళి టపాకాయల వేళ లోపలనే యుంచవలెను. మిక్కిలి పొట్టి గొలుసుతోగాని బరువు గొలుసుతోగాని అనుచితముగా చిరకాలము కట్టివేయుటయు, ఎప్పుడును కట్టియుంచు కుక్కను త్రిప్పకుండుటయు పైన చెప్పిన చట్టమునకే విరుద్ధము. ఎలుకలకు పెట్టు జింకు ఫాస్ఫైడు ఎర కుక్కకును ప్రాణాంతకము.

పెంపుడు కుక్కకు టీకా, నులిపురుగుల మందు, సంతాన నిరోధ శస్త్రచికిత్స యజమాని బాధ్యతయని 2023 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. కావున అప్పగించుటకు ముందే పశువైద్యశాలకు తీసికొనిపోవుట మంచిది. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. కారము, పసరు, సున్నము పూయరాదు. వెఱ్ఱికుక్క వ్యాధి పైకి కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట బహు అరుదు.

ప్రతి సంఘమునను గుమాస్తా యొద్ద ఒక చిన్న పుస్తకముంచి, దిక్కులేని కుక్క కనబడినపుడు దాని వయసు, టీకాల తేదీలు, అది వేనికి భయపడునో ఆ వివరము, తీసికొన్నవారి పేరు, 15 దినముల పిమ్మట పోయి చూచిన తేదీ వ్రాసియుంచినచో మేలగును. దీనికి ఖర్చు లేదు. వేళ తప్పని తిండియు, తొందరపడని మనిషియు ఉన్న యిల్లు మన సభ్యులలో ఎన్నియో కలవు. అట్టి వారు గుమాస్తాకు తమ పేరు తెలుపుదురుగాక.