నాన్నని 'కారు తాళాలిచ్చెయ్' అనగలమా?

బ్రిటన్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ 2019 జనవరిలో కారు యాక్సిడెంట్ చేశారు. ఎండ కళ్లలో పడి ఎదుటి బండి కనబడలేదన్నారు. మరుసటి నెలలో లైసెన్సు తిరిగిచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 97!

మన ఇళ్లలో అయితే అంత తేలిగ్గా తెమలదు. మా నాన్నకి 66. చీకటిపడ్డాక సూర్యాపేట వెళ్దామంటే ఈమధ్య 'పొద్దున్నే బయల్దేరదాం లే' అంటున్నారు. ఎదురొచ్చే లారీల లైట్లు కళ్లలో కొడుతున్నాయట. 'ఈ కాలంలో ఒక్కడూ డిప్పర్ కొట్టడు' అని తిట్లు అదనం.

డిప్పర్ మాట నిజమే కానీ, సగం కారణం కంట్లోనే ఉంది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో పూర్తిగా విచ్చుకోదు. లోపలి లెన్సు పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్లవాళ్ల రెటీనాకి చేరే వెలుగులో అరవై ఏళ్లవాళ్లకి అందేది దాదాపు మూడో వంతే. శుక్లం మొదలైతే ప్రతి హెడ్‌లైటు చుట్టూ ఓ వలయం. ఒకసారి కళ్లు జిగేల్‌మన్నాక మళ్లీ రోడ్డు కనబడటానికి మనకంటే ఎక్కువ టైం పడుతుంది. 60 స్పీడులో కారు సెకనుకి 16 మీటర్లు దాటేస్తుంది మరి. ఆలోపు రోడ్డు మీదికి గేదె రావచ్చు, రాంగ్‌రూట్లో బైకు రావచ్చు.

మెడ పట్టేసి, రివర్స్ చేసేటప్పుడు వెనక్కి తిరగలేకపోవడం ఇంకో గుర్తు. మందుల సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. కొన్ని జలుబు మాత్రలు మత్తుగా ఉంటాయి. ఇన్సులిన్ తీసుకుని టిఫిన్ తినకుండా స్టీరింగ్ పట్టుకుంటే ఇంకా ప్రమాదం.

అలాగని 'పెద్దాళ్లు బండి తీయొద్దు' అంటే నేనొప్పుకోను. ఫోన్ చూస్తూ నడిపేది ఎక్కువగా మన బ్యాచే కదా! పైగా తాళాలు లాక్కుంటే వాళ్లకి పోయేది కారొక్కటే కాదు. బ్యాంకుకి, గుడికి ఎవర్నీ అడక్కుండా వెళ్లే ధీమా పోతుంది. అందుకే తాళాల ఊసెత్తకుండా కంటి పరీక్షతో మొదలుపెట్టా. 'నాకేం తక్కువ' అని రెండు వారాలు మూతి ముడుచుకున్నారు గానీ, చివరికి వచ్చారు. శుక్లమే. ఆపరేషన్‌తో బాగయ్యేదే.

జపాన్‌లో 75 దాటినవాళ్లకి లైసెన్సు రెన్యువల్ అప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెడతారు. మన దగ్గర 55 దాటాక అయిదేళ్లకోసారి రెన్యువల్, డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ. ఆ సంతకం నిజంగా చూశాకే పడేలా మీరే పక్కనుండండి. లైసెన్సు మీద తేదీ కూడా ఓసారి చూడండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాసవ్వాల్సిందే.