లేటైతే పోలీసు బైకెక్కించుకుంటాడు!

నవంబర్‌లో ఒక గురువారం. సియోల్‌లో ఉన్న క్లయింట్ టీమ్‌తో పొద్దున్నే 6 గంటలకు రిలీజ్ కాల్ ఉంది. అంటే వాళ్లకు 9.30. ముందురోజు రాత్రి క్యాలెండర్ చూస్తే కాల్ గంట వెనక్కి జరిగింది. ఇంకో గంట పడుకోవచ్చని సంబరపడ్డా. కారణమేంటని చాట్‌లో అడిగితే అక్కడి డెవలపర్ ఒక్క ముక్కే రాశాడు: ‘సునుంగ్’. ఆఫీసులు రేపు పదింటికి తెరుస్తారు, పిల్లలకు పరీక్ష ఉంది అని తర్వాత వివరించాడు.

ఎవరో పిల్లలకు పరీక్ష ఉంటే ఆఫీసు లేటుగా తెరవడమేంటి? నిద్ర సంగతి వదిలేసి అదేంటో వెతకడం మొదలుపెట్టా.

సునుంగ్ అంటే దక్షిణ కొరియాలో హైస్కూల్ చివర్లో రాసే కాలేజీ ప్రవేశ పరీక్ష. మన ఇంటర్, ఎంసెట్, జేఈఈ మూడూ కలిపి ఒక్కరోజులో పెట్టేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదన్నమాట. 5 లక్షల మందికి పైగా రాస్తారు. ఉదయం 8.40కి మొదలవుతుంది. రెండో విదేశీ భాష కూడా తీసుకున్నవాళ్లు బయటికొచ్చేసరికి సాయంత్రం 5.45 దాటుతుంది. ఆ రోజు ఉద్యోగుల రద్దీ పిల్లలకు అడ్డం రాకూడదని ప్రభుత్వ ఆఫీసులు, చాలా కంపెనీలు గంట ఆలస్యంగా తెరుస్తారు. స్టాక్ మార్కెట్ కూడా అంతే. మధ్యాహ్నం ఇంగ్లీష్ లిజనింగ్ టెస్ట్ జరిగే 35 నిమిషాలు దేశం మొత్తంలో విమానాలు ఎగరవు, దిగవు. అప్పటికే గాల్లో ఉన్నవి 3 కిలోమీటర్లకు పైన చక్కర్లు కొడుతూ ఉండాల్సిందే.

ఇవన్నీ ఒక ఎత్తు, పోలీసులు ఒక ఎత్తు. లేటయిన పిల్లలు ఫోన్ చేస్తే చాలు, బైకో, పెట్రోలింగ్ కారో వచ్చి ఎక్కించుకుని సైరన్ వేసుకుంటూ సెంటర్ దగ్గర దింపేస్తుంది. హాల్‌టికెట్ మర్చిపోయినవాళ్లకు దాన్ని తెచ్చిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అలాగని అక్కడ గేటు మూయరని కాదు. 8.10 కల్లా లోపల ఉండాల్సిందే, ఆ రూల్ గట్టిదే. కాకపోతే ఆ 8.10 లోపు పిల్లల్ని చేర్చడం ఊరందరి డ్యూటీ.

ఆ వీడియోలు చూస్తుంటే నాకు మా ఎంసెట్ రోజు గుర్తొచ్చింది. మీలో చాలామందికి ఇలాంటి రోజు ఒకటి గుర్తుండే ఉంటుంది. నాతో రెండేళ్లు ఒకే బెంచీలో కూర్చున్న ఫ్రెండ్, వాళ్ల నాన్న టీవీఎస్ ఎక్సెల్ మీద ఊరి నుంచి వరంగల్ బయల్దేరాడు. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. అది పోయేదాకా ఆగి, సెంటర్‌కు చేరేసరికి మూడు నిమిషాలు లేటు. నేను లోపల ఓఎంఆర్ షీట్ మీద హాల్‌టికెట్ నంబర్ నింపుతున్నా. వాడు బయట ఇంకో గేటు ముందు నిలబడ్డాడు. అక్కడా పోలీసులున్నారు, లోపలికి పోనివ్వకుండా చూడటానికి. వాళ్ల నాన్న తలకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని దండం పెడుతూనే ఉన్నాడంట. ఈ మాట వాడు నాకు చెప్పింది కూడా నాలుగేళ్ల తర్వాత.

‘నిమిషం నిబంధన’ అంటే మనకు తెలియందేమీ కాదు. తెలంగాణలో ఇంటర్ పరీక్షలకూ అదే నడిచింది. 2024లో, లేటవడం వల్ల పరీక్ష రాయలేకపోయిన ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాకే ఇంటర్ బోర్డు ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. ఐదంటే ఐదే నిమిషాలు. కోడ్‌లో చూస్తే ఒక్క అంకె మార్చడమంత పని.

కొరియాను మరీ నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. విమానాలు ఆపేంత గౌరవం ఎందుకంటే, ఆ ఒక్క రోజు మీద జీవితం అంతలా వేలాడుతుంది కాబట్టి. అనుకున్న యూనివర్సిటీ రాకపోతే ఏడాది ఆగి మళ్లీ రాసేవాళ్లకు అక్కడ లెక్కేలేదు, మన లాంగ్‌టర్మ్ కోచింగ్ బ్యాచ్‌ల లాగే. 2023లో సియోల్‌లోని ఒక సెంటర్‌లో మొదటి పేపర్ బెల్లు పొరపాటున నిమిషంన్నర ముందే కొట్టేశారు. తప్పు తెలిశాక లంచ్ టైమ్‌లో ఆ నిమిషంన్నర తిరిగిచ్చారు. అయితే వదిలేసిన ప్రశ్నలు నింపుకోవచ్చు గానీ రాసినవి మార్చకూడదన్నారు. పిల్లలు కోర్టుకెళ్లారు. పరిహారం ఇవ్వాలని 2025లో తీర్పొచ్చింది. తొంభై సెకన్లకు కోర్టు కేసంటే నవ్వొచ్చేది నాకు, మా ఫ్రెండ్ మూడు నిమిషాలు తెలియకపోయి ఉంటే.

చైనా గావ్‌కావ్ ఇంకా పెద్దది. ఏటా జూన్ 7న మొదలవుతుంది. 2024లో కోటీ 34 లక్షల మంది పేరు నమోదు చేసుకున్నారు. సాంస్కృతిక విప్లవంలో ఆగిపోయిన ఈ పరీక్షను 1977లో మళ్లీ పెట్టినప్పుడు, పదేళ్లుగా పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఉండిపోయినవాళ్లంతా వచ్చి రాశారు. వాళ్లకు పదేళ్ల తర్వాత గేటు తెరుచుకుంది. ఇప్పుడక్కడ గేటు ఇంకో రకం. బతుకుతెరువు కోసం నగరానికొచ్చిన కూలీల పిల్లలు చాలామంది పరీక్ష కోసం, తమ పేరు నమోదై ఉన్న సొంత ప్రావిన్స్‌కు తిరిగెళ్లాల్సిందే. అన్నట్టు, 2025లో గావ్‌కావ్ జరిగే గంటల్లో అక్కడి ఏఐ యాప్‌లు ఫొటో చూసి జవాబు చెప్పే ఫీచర్‌ను ఆపేశాయి. ఎవరో మాలాంటివాళ్లే పొద్దున్నే లేచి స్విచ్ ఆఫ్ చేసి ఉంటారు.

మా వృత్తికి నేరుగా తగిలిన కథ మాత్రం ఇంగ్లండ్‌ది. 2020లో కోవిడ్ వల్ల అక్కడ ఏ-లెవెల్స్ రద్దయ్యాయి. టీచర్లు ఒక్కొక్కరికి గ్రేడ్ అంచనా వేసి, క్లాసులో ఎవరి తర్వాత ఎవరో వరుస రాసి పంపారు. పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వల్ వాటిని ఒక అల్గారిథమ్‌లో వేసింది. ఆ స్కూల్లో గత మూడేళ్ల ఫలితాలు ఎలా ఉన్నాయో చూసి, దానికి తగ్గట్టు ఈ ఏడాది పిల్లలకు గ్రేడ్లు పంచింది. ఆగస్టు 13న ఫలితాలొచ్చాయి. టీచర్లు ఇచ్చినవాటిలో 39 శాతం గ్రేడ్లు కిందికి పడిపోయాయి. క్లాసులో మరీ తక్కువమంది ఉంటే టీచర్ ఇచ్చిన గ్రేడే ఉంచారు, దాంతో చిన్న చిన్న క్లాసులుండే ప్రైవేటు స్కూళ్లకు కలిసొచ్చింది. పిల్లలు రోడ్డెక్కారు. నాలుగు రోజుల్లో, ఆగస్టు 17న, ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి టీచర్ల గ్రేడ్లే ఖాయం చేసింది.

ఆ అల్గారిథమ్ రాసినవాళ్లు దుర్మార్గులేం కాదు. గ్రేడ్లు ఒక్కసారిగా పెరిగిపోకూడదన్నది వాళ్లకిచ్చిన పని, అది చేసింది కూడా. కాకపోతే నేను చదివింది మామూలు జూనియర్ కాలేజీలో. మా ముందు మూడు బ్యాచ్‌ల్లో చెప్పుకోదగ్గ ర్యాంకు ఒక్కటీ లేదు. ఆ ప్రోగ్రామ్‌లో నా పేరు వేసి ఉంటే ఏం వచ్చేదో నాకు తెలుసు, ఈ వ్యాసం ఇంకెవరో రాసేవాళ్లు.

నాకు నచ్చినవీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నెపోలియన్ కాలం నుంచి, 1808 నుంచి, నడుస్తున్న బకలోరియా అనే పరీక్షలో 20కి సగటున 10 వస్తే పాస్. 8కి, 10కి మధ్య ఆగిపోతే అక్కడితో అయిపోదు. కొద్దిరోజుల్లోనే రెండు సబ్జెక్టుల్లో నోటి పరీక్షకు పిలుస్తారు, ఏ సబ్జెక్టులో విద్యార్థే ఎంచుకోవచ్చు. ఫిన్‌లాండ్‌లోనైతే పేపర్లన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, వరసగా మూడు విడతల్లో పంచుకుని రాయొచ్చు. 2019 నుంచి మొత్తం కంప్యూటర్ మీదే. పిల్లలు తమ ల్యాప్‌టాప్‌నే యూఎస్‌బీతో లినక్స్‌లోకి బూట్ చేసి రాసేలా దాన్ని మొదలుపెట్టారు. ఇది చదివి నేను కాసేపు అసూయపడ్డా.

మనకూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, అదే ఏడాది రాసి పాసై ముందుకెళ్లొచ్చు. ఫలితాల రోజు ఇంట్లో ఏడుపుల మధ్య ఆ సంగతి ఎవరికీ గుర్తుండదంతే. ఫలితాలొచ్చే ఇంట్లో మీకు తమ్ముడో చెల్లో ఉంటే ఆ రోజు ముందుగా ఈ ముక్క చెప్పండి.

ఆ గురువారం కాల్ 7 గంటలకు మొదలైంది, రిలీజ్ సాఫీగానే అయింది. తర్వాత కొరియా పోలీసు బైకు వీడియో ఒకటి మా ఫ్రెండ్‌కు వాట్సాప్ చేశా. వాడు ఆ ఏడాది పోగొట్టుకుని, బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తున్నాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ రిప్లై రాలేదు. పంపకుండా ఉండాల్సిందేమో అనుకున్నా. రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“మామా, మొన్న మార్చిలో నాకు ఇంటర్ ఎగ్జామ్ డ్యూటీ పడ్డది. సెకండియర్ మ్యాథ్స్ రోజు. తొమ్మిది దాటి నాలుగు నిమిషాలకు ఒక పిల్ల ఉరుక్కుంటా వచ్చింది, వాళ్ల నాయిన బండి స్టాండ్ కూడా వెయ్యలే, అట్లనే పడేసి ఆమె వెనకాల ఉరికిండు. నాలుగే కదా, పో బిడ్డా పో అని పంపిన. ఆయన అక్కడనే నిలబడ్డడు రా, నేను పోయి బండి లేపి స్టాండేసిన.”