ఫోర్డు కారు, ఫోర్డు ద్వేషము
1913లో అమెరికాలోని హైలాండ్ పార్కు కర్మాగారమున, కదలుచున్న వరుసపై కారు అంగాంగముగా రూపుదాల్చు విధానమును నెలకొల్పి, పండ్రెండు గంటలకు మించిన కూర్పుపనిని సుమారు గంటన్నరకు దించి, మరుసటి యేడు అర్హులైన కార్మికులకు దినమునకు 5 డాలర్ల వేతనము ప్రకటించిన హెన్రీ ఫోర్డు, కారును సామాన్యుని వాకిటికి తెచ్చెననుట నిర్వివాదము. ఆ ఫోర్డే 1920 మొదలుకొని తన ‘డియర్‌బోర్న్ ఇండిపెండెంట్’ పత్రికలో యూదులపై విషప్రచారము సాగించి, 1927లో క్షమాపణ చెప్పియు, 1938లో హిట్లరు ప్రభుత్వ పతకమును స్వీకరించెను.

ఆ కూర్పువరుస పెక్కుమంది యింజనీర్ల మేధకును, వేలాది కార్మికుల స్వేదమునకును ఫలము; దానిని శ్లాఘించుట యజమాని ద్వేషమును మన్నించుట గాదు. అయితే ఆ పత్రికను ఫోర్డు కార్ల విక్రేతల చేతనే జనులకు పంపిణీ చేయించిరి. అచ్చట మాత్రము వ్యక్తిని సంస్థనుండి వేరుపరచుట న్యాయమని నాకు తోచదు.