పెన్‌డ్రైవ్ అనుకున్నాం!

పత్తర్‌గట్టిలో మా అక్కావాళ్లది బట్టల కొట్టు. ఆ రాతి కమానుల కింద వరసగా ఉండే దుకాణాల్లో ఒకటి. వెనక సందులో మూడో అంతస్తులో కాపురం. పోయినేడాది పెళ్లి చీరలకని వెళ్లినప్పుడు చూశాను, డిగ్రీ చదివే వాళ్లబ్బాయి మెట్లెక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఇరవై ఏళ్లవాడు!

"న్యుమోనియా వచ్చి తగ్గిందే, ఇంకా నీరసం పోలేదు" అంటూ అక్క ఆస్పత్రి కాగితం నా చేతిలో పెట్టింది.

నేను చాలా ఏళ్లు ఓ ఆస్పత్రి రికార్డుల గదిలో పనిచేశాను. డాక్టర్ రాసిన జబ్బు పేరు చూసి దాని నంబరు వేయడమే నా ఉద్యోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకూ ఒక అక్షరం, కొన్ని అంకెలు ఇచ్చింది. ఐసీడీ అంటారు. ఊళ్లో ఏ జబ్బు ఎంతమందికుందో తేలేది ఆ నంబర్లతోనే. కాగితం మీద జె18.9 అని ఉంది. అంటే ఏ క్రిమి వల్లనో తేలని న్యుమోనియా. కఫం పరీక్షలో ఏమీ లేదు, టీబీ లేదు. మరి ఊపిరితిత్తులు రెండూ ఎందుకు పాడైనట్టు?

2019లో అమెరికాలో కుర్రాళ్లు ఇలాగే ఆయాసంతో ఆస్పత్రుల్లో చేరారు. ఈ-సిగరెట్ పొగ పీల్చినవాళ్లు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. చాలామంది పీల్చింది గంజాయి సారం ఉన్న ద్రవం. అందులో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్‌కూ ఈ జబ్బుకూ గట్టి సంబంధం ఉందని తేలింది. ఆ జబ్బు కోసమే యు07.0 అనే నంబరు పుట్టింది. అమెరికా ఆస్పత్రుల్లో 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పక్క నంబరు యు07.1 ఏమిటో తెలుసా? కరోనా! చిన్నదాన్ని పెద్దది మింగేసినట్టయింది, దీని సంగతి ఎవరికీ గుర్తులేదు.

అయితే ఆ నంబరు పడాలంటే డాక్టర్ రాయాలి. డాక్టర్ రాయాలంటే కుర్రాడు నోరు విప్పాలి. అమ్మ పక్కన కూర్చుని ఉండగా ఎవడు విప్పుతాడు చెప్పండి?

సాయంత్రం డాబా మీద ఒంటరిగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "పిన్నీ, అమ్మకు చెప్పకు. పోలీసులు పట్టుకుంటారట కదా?" అన్నాడు చివరికి. 2019లో మన దేశం చేసిన చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ, ప్రచారం నేరం. అమ్మేవాడికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వీడి భయమల్లా తనకు శిక్ష పడుతుందని. "డాక్టర్ పోలీసు కాదు నాయనా" అన్నాను.

మర్నాడు ఆస్పత్రిలో అక్కను బయట కూర్చోబెట్టాం. డాక్టర్ అడిగింది మూడే ప్రశ్నలు. ఏం పీల్చావు, ఎక్కడ కొన్నావు, జబ్బుకు ముందు మూడు నెలల్లో ఎన్నిసార్లు? అన్నీ కేసుషీటులో రాసుకున్నారు. "దీనివల్లేనని ఇప్పుడే ఖాయంగా చెప్పలేను. స్కాన్ మళ్లీ చూస్తాను. ముందు అది మానెయ్" అన్నారు. కాగితం మీద నంబరు మాత్రం అలాగే ఉంది.

అక్కకు వాడే చెప్పాడు. కొట్టలేదు, తిట్టలేదు. గల్లాపెట్టె తెరిచి, మామిడిపండు వాసన వేసే నల్లటి వస్తువు తీసింది. పరుపు కింద దొరికితే పెన్‌డ్రైవ్ అనుకుని, పోగొట్టుకుంటాడేమోనని దాచిందట!

పోయిన నెల వెళితే వాడు చీరల మూట భుజాన వేసుకుని నాకంటే ముందే మూడో అంతస్తుకు చేరాడు. నేనే ఆయాసపడ్డాను.